అందరూ 850 తీసుకోమంటారు, మరి స్పిండిల్ సంగతి? చిన్న షెడ్డుకి కొత్త సీఎన్సీ మిల్లింగ్ మిషన్

బాలానగర్‌లోనో, చర్లపల్లిలోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో రెండు లేత్‌లు, ఒక పాత మిల్లింగ్ మిషన్, ఒక రేడియల్ డ్రిల్ పెట్టుకుని జాబ్ వర్క్ చేసే వాళ్లు మొదటిసారి సీఎన్సీ, అంటే కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నడిచే మిషన్, కొనాలని అనుకున్నప్పుడు చుట్టుపక్కల షెడ్లలో అడిగితే దాదాపు అందరూ ఒకటే చెబుతారు: "850 తీసుకో, అన్నిటికీ పనికొస్తుంది." 850 అంటే ఎక్స్ దిశలో, అంటే బెడ్ పొడుగునా, సుమారు 800 నుంచి 850 మిల్లీమీటర్లు, వై (ముందుకీ వెనక్కీ), జెడ్ (పైకీ కిందికీ) దిశల్లో చెరో 500 చుట్టూ కదిలే వీఎంసీ, అంటే టూల్‌ని పట్టి తిప్పే స్పిండిల్ నిలువుగా ఉండే మెషినింగ్ సెంటర్. ఈ సలహాలో తప్పు లేదు, ఆ సైజు అమ్మాలన్నా సులువుగా అమ్ముడుపోతుంది, దాని మీద పనిచేసిన ఆపరేటర్లూ దొరుకుతారు. కాకపోతే అది బెడ్ ఎంత ఉందో మాత్రమే చెబుతుంది. ఆ మిషన్ వాయిదా కట్టేంత సంపాదిస్తుందా లేదా అన్నది ఎక్కువగా ఇంకో రెండు విషయాల మీద నడుస్తుంది: తక్కువ ఆర్పీఎంలో స్పిండిల్‌కి ఎంత బలం ఉంది, మిషన్ ఆగిపోతే ఎన్ని రోజుల్లో మళ్లీ నడుస్తుంది. బ్రోషర్‌లో మొదటిది చిన్న గ్రాఫ్‌గా ఎక్కడో చివరి పేజీలో ఉంటుంది, రెండోది అసలు ఉండదు.

అందుకే బ్రోషర్లు తెప్పించుకునే ముందు చేయాల్సిన పని ఒకటుంది. గత ఏడాదిలో చేసిన జాబ్‌ల డ్రాయింగ్‌లు, బయట వీఎంసీ ఉన్నవాళ్ల దగ్గరికి పంపించి చేయించుకున్నవీ, మిషన్ లేక వదులుకున్నవీ, అన్నీ ఒకచోట పెట్టుకుని మెటీరియల్ ఏంటి, పెద్ద కొలత ఎంత, బిగువైన టాలరెన్స్, అంటే కొలతలో ఒప్పుకునే తేడా, ఎంత, ఒక్కో ఆర్డర్‌కి ఎన్ని పీసులు అని రాసుకోవాలి. హైదరాబాద్ చుట్టూ చిన్న షెడ్లకు వచ్చే పనిలో చాలా రకాలున్నాయి. రక్షణ, ఏరోస్పేస్ సంస్థలకు సప్లై చేసే పెద్ద వెండర్ల దగ్గర్నుంచి వచ్చే అల్యూమినియం 6061, 6082 హౌసింగ్‌లు ఒక రకం. ఫార్మా మిషనరీ వాళ్లవి ఎస్ఎస్ 316 అనే స్టెయిన్‌లెస్ స్టీల్ ప్లేట్లు, ఫ్లాంజ్‌లు. ప్రెస్ టూల్, మౌల్డ్ పనిలో డీ2, పీ20 స్టీళ్లు. మామూలు మెయింటెనెన్స్ పార్టులంటే ఎక్కువగా ఈఎన్8 స్టీలు, కొంచెం దానికంటే గట్టి ఈఎన్24. ఈ నాలుగూ ఒకే మిషన్ మీద చేయొచ్చు, కానీ ఈ నాలుగింటికీ నప్పే మిషన్ ఒకటే కాదు. మీ బిల్లుల్లో సగానికి పైగా దేని నుంచి వస్తోందో దానికి తగ్గ మిషన్ కొని, మిగతావి అది చేయగలిగినంత మేర చేయించుకోవడం మంచిది. ఎప్పుడో ఏడాదికోసారి వచ్చే 900 మిల్లీమీటర్ల ప్లేటు కోసం 1060 సైజు కొని రోజూ అరచేతిలో పట్టే పీసులు చేసుకుంటే, బెడ్ పెద్దది కాబట్టి కదిలే బరువూ పెద్దదే, తీసుకునే స్థలమూ, కట్టే వడ్డీ కూడా పెద్దవే.

సైజులో ఎక్స్, వై కంటే జెడ్ దగ్గరే ఎక్కువమంది ఇరుక్కుంటారు. చూడాల్సింది జెడ్ ప్రయాణం ఒక్కటే కాదు, బెడ్ నుంచి స్పిండిల్ ముక్కు దాకా ఉండే దూరం. చాలా 850 మిషన్లలో అది సుమారు 150 నుంచి 650 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. వైస్ 100, దాంట్లో పట్టిన జాబ్ 150, హోల్డర్‌తో కలిపి పొడుగు డ్రిల్ 250 అనుకుంటే 500 అయిపోయాయి, పైన మిగిలింది 150. దాంట్లోనే టూల్ పైకి లేవాలి, పక్కకి జరగాలి. వైస్ బదులు జాబ్‌ని తిప్పే రోటరీ టేబుల్ పెడితే ఆ 150 కూడా కరిగిపోతుంది. అదే కింద వైపు చూస్తే, స్పిండిల్ ముక్కు 150 కంటే కిందికి దిగదు కాబట్టి పలచటి ప్లేటుని నేరుగా బెడ్ మీద బిగించి 80 మిల్లీమీటర్ల పొట్టి టూల్ పెడితే అది ప్లేటుని అందుకోదు, కింద బ్లాకులు పెట్టి ఎత్తాలి. డ్రాయింగ్‌ల కట్ట ముందు పెట్టుకుంటే ఈ లెక్క ఒక సాయంత్రంలో తేలిపోతుంది.

ఇక స్పిండిల్. ఇక్కడ కొంచెం నిదానించాలి, ఎందుకంటే కొన్నాక మార్చుకోలేనిది ఇదే. కొటేషన్‌లో "స్పిండిల్ మోటార్ 7.5/11 కిలోవాట్లు" అని ఉంటుంది. మొదటి అంకె మోటార్ ఆగకుండా ఇవ్వగలిగిన బలం, రెండోది అరగంటో, కొన్ని మోటార్లలో ఇంకా తక్కువ సేపో ఇవ్వగలిగేది. అమ్మేవాళ్లు మాటల్లో రెండోదే చెబుతారు, లెక్క మాత్రం మొదటిదాంతో వేసుకోవాలి. ఇంకో సంగతి, ఆ 7.5 కూడా అన్ని స్పీడుల్లో రాదు. మోటార్‌కి బేస్ స్పీడ్ అని ఒకటి ఉంటుంది, చాలావాటికి అది 1500 ఆర్పీఎం. దానికంటే కింద టార్క్, అంటే తిప్పే పట్టు, అలాగే ఉంటుంది కానీ కిలోవాట్లు ఆర్పీఎంతో పాటు తగ్గుకుంటూ వస్తాయి. సూత్రం చిన్నదే: కిలోవాట్లని 9550తో గుణించి ఆర్పీఎంతో భాగిస్తే న్యూటన్ మీటర్లలో టార్క్ వస్తుంది. 7.5 కిలోవాట్లు, 1500 ఆర్పీఎం అంటే దాదాపు 48 న్యూటన్ మీటర్లు. 300 ఆర్పీఎం దగ్గర కూడా అదే 48, కానీ అక్కడ చేతికొచ్చే బలం ఒకటిన్నర కిలోవాట్లే.

దీని ప్రభావం షెడ్డులో ఎలా ఉంటుందో ఒక ఈఎన్8 బ్లాకు మీద చూద్దాం. నిమిషానికి 180 మీటర్ల కటింగ్ స్పీడ్, పంటికి 0.15 మిల్లీమీటర్ల ఫీడ్, 3 మిల్లీమీటర్ల లోతు. 63 మిల్లీమీటర్ల, 5 ఇన్సర్ట్‌ల, అంటే మార్చుకునే పళ్ల, ఫేస్ మిల్ పెడితే సుమారు 910 ఆర్పీఎం వస్తుంది. 45 మిల్లీమీటర్ల వెడల్పు పడితే నిమిషానికి 92 క్యూబిక్ సెంటీమీటర్ల లోహం పోతుంది, దానికి దగ్గర దగ్గర 3 కిలోవాట్లు కావాలి. ఆ స్పీడు దగ్గర మోటార్ ఇవ్వగలిగేది 4.5, కాబట్టి హాయిగా నడుస్తుంది. ఇప్పుడు తొందరగా అవుతుందని 100 మిల్లీమీటర్ల, 6 ఇన్సర్ట్‌ల కటర్ పెట్టి 80 మిల్లీమీటర్ల వెడల్పు పడితే ఆర్పీఎం 573కి పడిపోతుంది. కావాల్సిన బలం 4 కిలోవాట్లు దాటుతుంది, మోటార్ దగ్గర ఉన్నది 2.9. లోడ్ మీటర్ ఎర్రగీత దాటి, అరగంట రేటింగ్ మీద కాసేపు లాగి, చివరికి అలారం కొట్టి ఆగిపోతుంది, పోతూ పోతూ ఇన్సర్ట్‌లు కూడా తీసుకుపోతుంది. మిషన్ చెడిపోయిందని సర్వీస్‌కి ఫోన్ చేస్తారు, కానీ చెడిపోయింది ఏమీ లేదు. కొనేటప్పుడు టార్క్ గ్రాఫ్ చూడలేదు, అంతే. పెద్ద కటర్లు, పెద్ద యూ-డ్రిల్లులు, ఎం20 పైన మరలు కోసే ట్యాపులు రోజూ వాడే స్టీల్ పని ఉన్నవాళ్లు బేస్ స్పీడ్ ఎంతో అడగాలి, తక్కువ స్పీడులో టార్క్ పెంచే రెండు వైండింగ్‌ల మోటార్ గానీ గేర్ హెడ్ గానీ ఉందా అని అడగాలి, గ్రాఫ్ కాగితం మీద రాయించుకోవాలి. "హెవీ డ్యూటీ" అన్న మాటకి కొలత లేదు, న్యూటన్ మీటర్లకు ఉంది.

అల్యూమినియం పనివాళ్లకి ఇదే కథ తిరగబడుతుంది. 6 మిల్లీమీటర్ల కార్బైడ్ ఎండ్ మిల్ 8000 ఆర్పీఎం మీద తిరిగితే కటింగ్ స్పీడ్ నిమిషానికి 150 మీటర్లే, అల్యూమినియంలో ఆ టూల్ 300 కూడా సులువుగా తట్టుకుంటుంది. అంటే డబ్బు పెట్టి కొన్న టూల్‌ని సగం స్పీడులో వాడుతున్నట్టు. 12000 ఆర్పీఎం స్పిండిల్ అయితే అదే టూల్ ఒకటిన్నర రెట్లు ఫీడ్‌తో పోతుంది, 8 గంటల పాకెట్ (లోతు గుంట) పని 5 గంటల 20 నిమిషాల్లో అవుతుంది. అందుకని సన్నటి కటర్లతో లోతు పాకెట్లు ఎక్కువ ఉన్నవాళ్లకి 8000 బెల్ట్ డ్రైవ్ స్పిండిల్ తీసుకుని మిగిలిన డబ్బుతో పెద్ద బెడ్ కొనడం తిరగేసి చేసినట్టే, బెడ్ తగ్గించి 10000, 12000 ఆర్పీఎం డైరెక్ట్ డ్రైవ్ తీసుకోవాలి. బెల్ట్ డ్రైవ్ చవక, రిపేర్ సులువు, స్టీల్‌కి సరిపోతుంది, కానీ పై స్పీడుల్లో శబ్దం, వేడి, అదురు ఎక్కువ. చిన్న అల్యూమినియం పీసులు వేల సంఖ్యలో, ఒక్కోదానికి పది పన్నెండు రంధ్రాలు, ట్యాపులు ఉండే ఆర్డర్లున్నవాళ్లు అసలు 850 వైపు చూడకుండా బీటీ30 స్పిండిల్, అంటే చిన్న టూల్ హోల్డర్ పట్టే స్పిండిల్, ఉన్న డ్రిల్-ట్యాప్ సెంటర్ చూడొచ్చు. ఫానక్ రోబోడ్రిల్, బ్రదర్ స్పీడియో ఈ జాతివే, టూల్ మార్చడం రెండు సెకన్ల లోపే అయిపోతుంది. అదే మిషన్ మీద ఈఎన్24 రఫింగ్, అంటే ఎక్కువ లోహం తీసే మొదటి కోత, పెడితే మాత్రం ఏడుస్తుంది. మామూలు కలగలుపు జాబ్ షాపుకి బీటీ40 సరైన మధ్యదారి, హోల్డర్లు ఎక్కడైనా దొరుకుతాయి. అమెరికా మిషన్లయితే క్యాట్40తో వస్తుంటాయి, చూడటానికి ఒకేలా ఉన్నా బీటీ హోల్డర్ దాంట్లో వాడకూడదు, కాబట్టి ఆర్డర్ ఇచ్చేటప్పుడే బీటీ కావాలని చెప్పాలి.

మిషన్ కదిలే భాగాలు జారే గైడ్‌వేల మీద జరిగే వాదనలు, లోహం మీద లోహం జారే బాక్స్ వే గట్టిదా, బాల్స్ మీదో రోలర్ల మీదో దొర్లే ఎల్ఎం గైడ్ గట్టిదా అని, చిన్న షెడ్డుకి అనవసరంగా పెద్దవి అవుతున్నాయి. రోజంతా స్టీల్ దిమ్మెల్ని రఫింగ్ చేసేవాళ్లకి బాక్స్ వే అదురుని బాగా మింగుతుంది, కానీ నెమ్మది, ఆయిల్ ఎక్కువ తాగుతుంది. మిగతా అందరికీ ఎల్ఎం గైడ్ చాలు. స్టీల్ ఎక్కువ అయితే బాల్ కాకుండా రోలర్ రకం అడగండి, ధరలో తేడా ఉంటుంది, పనిలో అంతకంటే ఎక్కువ తేడా ఉంటుంది.

ఆక్యురసీ అంకెల దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఒక కంపెనీ "పొజిషనింగ్ 5 మైక్రాన్లు" అంటుంది, ఇంకోటి "10 మైక్రాన్లు" అంటుంది, మొదటిది మంచిదనిపిస్తుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఏ పద్ధతిలో కొలిచారో చూడకుండా ఈ రెండిటినీ పోల్చకూడదు. ఐఎస్ఓ 230-2 పద్ధతిలో ఒక్కో స్థానానికి రెండు వైపుల నుంచీ ఐదేసి సార్లు వెళ్లి, ఆ చెదురునీ, తిరుగు ప్రయాణంలో వచ్చే తేడానీ అన్నిటినీ కలిపి అంకె చెబుతారు. పాత జపాన్ జేఐఎస్ పద్ధతి అంత కఠినం కాదు, అదే మిషన్‌ని దాంతో కొలిస్తే అంకె చిన్నగా వస్తుంది. జేఐఎస్ 5 కంటే ఐఎస్ఓ 10 మెరుగైన మిషన్ కావచ్చు. కాబట్టి అంకె పక్కన పద్ధతి పేరు లేకపోతే అడిగి రాయించుకోవాలి.

అయినా రేకుల షెడ్డులో, మే నెలలో, మధ్యాహ్నం రెండింటికి ఈ అంకెలు ఎంతవరకు నిలబడతాయి? ఉక్కు ఒక మీటరుకి, ఒక డిగ్రీ వేడికి 11 మైక్రాన్ల పైన సాగుతుంది. పొద్దున్నుంచి తిరిగిన, బెడ్‌ని జరిపే బాల్ స్క్రూ 5 డిగ్రీలు వేడెక్కితే 300 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న రెండు రంధ్రాల మధ్య 17 మైక్రాన్ల తేడా వచ్చేస్తుంది. స్క్రూని రెండు వైపులా లాగి బిగించడం వల్ల కొంత తగ్గుతుంది, అక్షాల మీద స్థానాన్ని నేరుగా కొలిచే లీనియర్ స్కేళ్లు పెట్టించుకుంటే చాలా తగ్గుతుంది, వాటికి ధర ఉంది. జాబ్ అల్యూమినియం అయితే అది ఉక్కుకి రెట్టింపు సాగుతుంది, మిషన్ మీద వేడిగా ఉన్నప్పుడు సరిపోయిన కొలత కస్టమర్ ఏసీ గదిలో సీఎంఎం అనే కొలత మిషన్ మీద పెట్టేసరికి తక్కువ వస్తుంది, పీసు తిరిగొస్తుంది. డ్రాయింగ్‌లలో 20 మైక్రాన్ల లోపు టాలరెన్సులు అప్పుడప్పుడు మాత్రమే ఉంటే, పొద్దున్నే ఇరవై నిమిషాలు స్పిండిల్, అక్షాలు ఉత్తినే తిప్పి, ఆ బిగువు పీసుల్ని చల్లటి వేళలో చేసుకుంటే చాలు. రోజూ ఉంటే మిషన్ కంటే ముందు షెడ్డుకి ఫాల్స్ సీలింగ్, గోడలు, వీలైతే ఏసీ గురించి ఆలోచించాలి. ఖరీదైన జపాన్ మిషన్ తెచ్చి రేకు కింద పెట్టడం కన్నా మామూలు మిషన్‌ని చల్లటి గదిలో పెట్టడం ఈ పనికి ఎక్కువ మేలు చేస్తుంది.

మిషన్‌ని నడిపే కంప్యూటర్, అంటే కంట్రోలర్ విషయంలో ఇక్కడ ఎక్కువగా ఎదురయ్యేవి ఫానక్, సీమెన్స్, మిత్సుబిషి. ఏది గొప్పదన్న చర్చ కంటే మీ వీధిలో ఆపరేటర్లకి ఏది వచ్చు అన్నది ముఖ్యం, ఎందుకంటే ఉన్న ఆపరేటర్ మానేసిన రోజున మిషన్ ఆగకూడదు. హైదరాబాద్‌లో ఫానక్ మీద చేయి తిరిగినవాళ్లు దొరకడం తేలిక. బాలానగర్‌లోనే 1968 నుంచి ఉన్న సీఐటీడీ అనే టూల్ డిజైన్ శిక్షణ సంస్థలో, ఐటీఐల్లో నేర్చుకుని వచ్చే పిల్లలు ప్రోగ్రామింగ్‌కి పనికొస్తారు, వాళ్లకి మొదటి ఉద్యోగం ఇచ్చేది కూడా ఎక్కువగా ఇలాంటి చిన్న షెడ్లే, ఆ సంగతి మర్చిపోకూడదు. కంట్రోలర్ పేరు ఒకటే అయినా లోపల తెరిచి ఇచ్చిన ఆప్షన్లు వేరుగా ఉంటాయి. జాబ్‌ని తాకి స్థానం కొలిచే ప్రోబ్ పెట్టాలన్నా, ఆకారం ఒకటే ఉండి కొలతలు మాత్రం మారే పీసులకి ఒకే ప్రోగ్రామ్ రాసుకోవాలన్నా కస్టమ్ మ్యాక్రో అనే ఆప్షన్ కావాలి. మౌల్డ్ పని చేస్తే ప్రోగ్రామ్‌లో రాబోయే లైన్లని ముందే చూసుకుని వేగం సర్దుకునే హై-స్పీడ్ ఫంక్షన్ కావాలి, లేకపోతే డిజైన్ నుంచి ప్రోగ్రామ్ తయారుచేసే క్యామ్ సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చిన లక్ష లైన్ల ప్రోగ్రామ్ మీద మిషన్ తడబడుతూ, నత్తిగా నడుస్తుంది, ఉపరితలం మీద గీతలు పడతాయి. అంత పెద్ద ప్రోగ్రామ్ మెమరీలో పట్టదు కూడా, కార్డ్ నుంచో నెట్‌వర్క్ కేబుల్ నుంచో నేరుగా నడిచే సదుపాయం ఉండాలి. ఇవన్నీ కొనేటప్పుడు బేరంలో చవగ్గా వస్తాయి, కొన్నాక ఒక్కొక్కటీ విడిగా అడిగితే బాగా గుంజుతారు.

జాబ్‌ని తిప్పే నాలుగో అక్షం, అంటే ఫోర్త్ యాక్సిస్ కూడా అంతే. ఇవాళే రోటరీ టేబుల్ కొనక్కర్లేదు, కానీ రెండేళ్లలో అవసరం పడుతుందనిపిస్తే డ్రైవ్, కేబుల్, ఇంటర్‌ఫేస్ ఇప్పుడే పెట్టించుకోవాలి. "ఫోర్త్ యాక్సిస్ రెడీ" అన్న మాటకి ఒక్కో కంపెనీ ఒక్కో అర్థం చెబుతుంది, ఒకరికి డ్రైవ్‌తో సహా, ఇంకొకరికి ప్యానెల్‌లో ఖాళీ జాగా మాత్రమే. కొటేషన్‌లో ఏమేం వస్తాయో పేరు పేరునా ఉండాలి. 5 యాక్సిస్ గురించి ఇక్కడ ఎక్కువ చెప్పాల్సిన పని లేదు, చేతిలో ఆర్డర్ లేకుండా ఆశ మీద కొనే మిషన్ కాదది.

ఇక ఎవరి దగ్గర కొనాలి? మన దేశంలోనే బెంగళూరు నుంచి బీఎఫ్‌డబ్ల్యూ, ఏస్ మైక్రోమ్యాటిక్, రాజ్‌కోట్ నుంచి జ్యోతి, కోయంబత్తూరు నుంచి ఎల్ఎండబ్ల్యూ, హైదరాబాద్ నుంచే లోకేశ్ మెషీన్స్ ఉన్నాయి. బయటివాటిలో అమెరికా హాస్, జపాన్ మజాక్, మకీనో, వీటితో పాటు తైవాన్, చైనా మిషన్లు. మిషన్లు తయారుచేసే పని ఇక్కడివాళ్లకి కొత్తేమీ కాదు, సికింద్రాబాద్‌లో ప్రాగా టూల్స్ 1943లోనే మొదలైంది. పేర్లు పోల్చి చూడాలంటే బెంగళూరులో జరిగే ఐఎంటెక్స్ ప్రదర్శన మంచి చోటు, అన్నీ ఒకే కప్పు కింద నడుస్తూ కనపడతాయి. అయితే ప్రదర్శనలో ప్రతి మిషనూ బాగానే నడుస్తుంది. నిర్ణయం తీసుకోవాల్సింది అక్కడ కాదు, మీ షెడ్డుకి పది కిలోమీటర్ల లోపు అదే మోడల్‌ని మూడేళ్లుగా నడుపుతున్నవాళ్ల దగ్గర. వాళ్లని అడగాల్సింది "మిషన్ బాగుందా" అని కాదు. చివరిసారి ఎప్పుడు ఆగింది, ఫోన్ చేసిన ఎన్ని గంటలకి మనిషి వచ్చాడు, పార్టు ఎక్కడి నుంచి వచ్చింది, ఎన్ని రోజులు పట్టింది, ఎంత కట్టారు అని. సర్వీస్ ఇంజనీర్ ఊళ్లోనే ఉంటాడా, బెంగళూరు నుంచో పుణె నుంచో బస్సెక్కి రావాలా అన్నది వారంటీ ఎన్నేళ్లన్న దానికంటే పెద్ద ప్రశ్న. రెండు మూడు లక్షలు తక్కువకి వచ్చిన మిషన్‌కి ఊళ్లో మనిషి లేకపోతే ఆ తగ్గింపు కొన్ని పెద్ద బ్రేక్‌డౌన్‌లలోనే పోతుంది.

ఎలా పోతుందో లెక్కతోనే చూద్దాం. మంచి దేశవాళీ 850కి ఆప్షన్లని బట్టి 25 లక్షల నుంచి 40 లక్షల దాకా అవుతుంది, 30 లక్షలు అనుకుందాం. మొత్తం అప్పు మీదే, 11 శాతం వడ్డీ, ఐదేళ్లు అంటే నెల వాయిదా సుమారు 65 వేలు. జాబ్ వర్క్ రేటు పనిని బట్టి, ఊరిని బట్టి మారుతుంది, లెక్క కోసం గంటకి 500 పెట్టుకుందాం. నెలకి 25 రోజులు, ఒకే షిఫ్టు, సెట్టింగులు, కొలతలు, భోజనం, కరెంటు కోతలు పోను స్పిండిల్ నిజంగా చిప్ తీసేది రోజుకి 5 గంటలు అయితే వచ్చేది 62,500. వాయిదాకే చాలదు, ఆపరేటర్ జీతం, కరెంటు, టూల్స్, షెడ్డు అద్దె ఇంకా మొదలే కాలేదు. అదే రెండు షిఫ్టులు, రోజుకి 10 గంటలు నడిస్తే లక్షా పాతిక వేలు, అప్పుడు ఊపిరాడుతుంది. కాబట్టి రెండో షిఫ్టుకి సరిపడా పని, మనిషి లేనివాళ్లు కొత్త మిషన్ కొనడానికి ముందు ఆగి ఆలోచించాలి, ఇది మాత్రం గట్టిగా చెప్పాల్సిన మాట. ఈ లెక్కలోనే ఆగిపోయిన ఒక్కో రోజు ఖరీదు 5 వేలు. పార్టు కోసం పది రోజులు ఎదురుచూస్తే 50 వేలు, వాయిదాలో దాదాపు ముప్పావు వంతు. ఆలస్యమైన ఆర్డర్‌తో పోయే కస్టమర్‌కి అంకె వేయడం కష్టం.

జీఎస్టీ కూడా చేతిలో డబ్బుని పట్టేస్తుంది. 30 లక్షల మీద 18 శాతం అంటే 5 లక్షల 40 వేలు ముందే కట్టాలి. అది ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి వచ్చేదే, కానీ ఒక్కసారిగా రాదు. నెలకి లక్షన్నర బిల్లు మీద 18 శాతం వేసేవాళ్లకి నెలకి 27 వేల చొప్పున సర్దుబాటు అయ్యేసరికి 20 నెలలు పడుతుంది. ఇంకోవైపు కస్టమర్లు రెండు మూడు నెలలకి గానీ డబ్బివ్వరు, బ్యాంకు మాత్రం నెల నెలా ఒకటో తారీఖునో ఐదో తారీఖునో లాగేసుకుంటుంది. అప్పు మాట్లాడేటప్పుడు మొదటి కొన్ని నెలలు వాయిదా లేకుండా అడగడం, ఆస్తి తాకట్టు పెట్టలేనివాళ్లు తాకట్టు లేని చిన్న పరిశ్రమల అప్పులకి ఇచ్చే సీజీటీఎంఎస్ఈ హామీ గురించి అడగడం మర్చిపోవద్దు. చిన్న పరిశ్రమగా నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ తప్పకుండా ఉండాలి. చిన్న తయారీదారులకి ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో డబ్బు కట్టాలని 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం చెబుతోంది. గడువులోపు కట్టకపోతే, నిజంగా కట్టేదాకా ఆ ఖర్చుని ఆదాయపన్ను లెక్కలో చూపించుకోనివ్వకుండా ఒక నిబంధన కూడా వచ్చింది కాబట్టి పెద్ద కస్టమర్ల మీద ఈ కాగితం కొంత పనిచేస్తుంది.

మిషన్ ధరలో రానివి చాలా ఉంటాయి, ఇక్కడే బడ్జెట్ తప్పుతుంది. హోల్డర్లు, టూల్ కాడని పట్టే ఈఆర్ కొల్లెట్లు, హోల్డర్‌ని స్పిండిల్‌లోకి లాగే పుల్ స్టడ్‌లు, మంచి ప్రెసిషన్ వైస్‌లు రెండు, ఫేస్ మిల్, డ్రిల్లులు, ఎండ్ మిల్లులు, కొలత పరికరాలు, క్యామ్ సాఫ్ట్‌వేర్. వీటికి మిషన్ ధరలో కనీసం 15 శాతం పక్కన పెట్టాలి, చవక హోల్డర్లు కొని 20 మైక్రాన్ల ఊపుతో సన్నటి ఎండ్ మిల్ తిప్పితే స్పిండిల్ ఎంత మంచిదైనా టూల్ విరుగుతుంది. ప్రోబ్‌ని చాలామంది విలాసం అనుకుంటారు, చిన్న బ్యాచ్‌ల షెడ్డుకి అది విలాసం కాదు. రోజుకి మూడు సెట్టింగులు, ఒక్కోటి 40 నిమిషాల నుంచి 20కి తగ్గితే రోజుకి గంట మిగులుతుంది, నెలకి 25 గంటలు, పై రేటు ప్రకారం 12,500 రూపాయలు.

షెడ్డు కూడా మిషన్ రాకముందే సిద్ధం కావాలి. 850 బరువు 5 టన్నుల చుట్టూ ఉంటుంది, ఎత్తు రెండున్నర మీటర్లు దాటుతుంది, రోలింగ్ షట్టర్ అంత ఎత్తు ఉందా, సందులోకి లారీ, హైడ్రా క్రేన్ వస్తాయా అన్నది కొలిచి చూసుకోవాలి. నేల మామూలు ఫ్లోరింగ్ అయితే కుదరదు, కంపెనీ ఇచ్చే డ్రాయింగ్ ప్రకారం ఆర్‌సీసీ వేసి, ఆరడానికి టైమ్ ఇవ్వాలి. కరెంటు లోడు పెంచుకోవడానికి దరఖాస్తు ముందే పెట్టాలి, మిషన్ వచ్చి కూర్చున్నాక లోడు మంజూరు కోసం నెల రోజులు తిరిగితే ఆ నెల వాయిదా ఊరికే పోతుంది. సుమారు 25 కేవీఏ స్టెబిలైజర్, మిషన్‌కి విడిగా ఎర్త్ పిట్. ఎర్త్‌కి, న్యూట్రల్‌కి మధ్య వోల్టేజ్ రెండు మూడు దాటితే డ్రైవ్ కార్డులకి మంచిది కాదు, పక్క షెడ్డులో వెల్డింగ్ సెట్లు ఉంటే ఇంకా జాగ్రత్త. ఎలక్ట్రికల్ ప్యానెల్‌కి ఫ్యాన్ కాకుండా ఏసీ పెట్టించుకోండి, మన ఎండాకాలానికి ఇది ఆప్షన్ కాదు, అవసరం. కంప్రెసర్ 6 బార్ ఇవ్వాలి, దాని వెనక డ్రయ్యర్ ఉండాలి, వానాకాలంలో గాలితో పాటు వచ్చే నీళ్లు స్పిండిల్ టేపర్‌లోకి పోయి తుప్పు పట్టిస్తాయి. అద్దె షెడ్డులో ఉన్నవాళ్లు ఇంకోటి కూడా అడగాలి. కొన్ని జపాన్ మిషన్లలో స్థలం మార్చితే పసిగట్టి తాళం పడిపోయే పరికరం ఉంటుంది, తయారీదారు మనిషి వచ్చి తీస్తే గానీ మళ్లీ నడవదు. షెడ్డు ఓనర్ ఖాళీ చేయమన్న రోజున ఆ సంగతి తెలిస్తే పెద్ద టెన్షన్.

అన్నీ కుదిరి అడ్వాన్స్ కట్టే ముందు ఆర్డర్‌లో ఒక షరతు రాయించాలి: డిస్పాచ్‌కి ముందు వాళ్ల ఫ్యాక్టరీలో మన జాబ్, మన మెటీరియల్ పెట్టి చేసి చూపించాలి. వాళ్ల డెమో పీసు కాదు. డ్రాయింగ్‌ల కట్టలో అన్నిటికంటే కష్టమైనదాన్ని, రెండు మూడు ముడి బ్లాకులతో సహా తీసుకెళ్లాలి, టైమ్ రాసుకోవాలి, లోడ్ మీటర్ ఎంత చూపిస్తుందో చూడాలి. 300 మిల్లీమీటర్ల టెస్ట్ మాండ్రెల్ పెట్టి స్పిండిల్ రనౌట్, అంటే తిరిగేటప్పుడు పక్కకి ఊగే తేడా, డయల్‌తో కొలిపించాలి, మిషన్ గుండ్రంగా ఎంత సరిగ్గా కదులుతుందో చెప్పే బాల్‌బార్ రిపోర్ట్, లేజర్ రిపోర్ట్ ఆ మిషన్ సీరియల్ నంబరుతో తీసుకోవాలి. మిషన్ షెడ్డుకి వచ్చి లెవెల్ చేశాక అదే బాల్‌బార్, అదే జాబ్ మళ్లీ చేయించాలి, దారిలో లారీ కుదుపులకి ఏమైనా కదిలి ఉంటే అప్పుడే బయటపడుతుంది. మిషన్ ధరలో చివరి విడత సొమ్ము ఈ రెండో పరీక్ష అయ్యేదాకా పట్టుకోవాలి. ఇన్‌స్టాలేషన్‌కి వచ్చిన ఇంజనీర్ వెళ్లిపోయే ముందు కంట్రోలర్‌లోని పారామీటర్లు, ల్యాడర్ అనే లోపలి ప్రోగ్రామ్ మొత్తం బ్యాకప్ తీయించి రెండు పెన్ డ్రైవ్‌లలో పెట్టి, ఒకటి ఇంటికి తీసుకెళ్లాలి. రెండు మూడేళ్ల తర్వాత బ్యాటరీ మార్చడం మర్చిపోయి కంట్రోలర్ మెమరీ ఖాళీ అయిన రోజున మిషన్ గంటలో నడుస్తుందా, వారమంతా నిలబడుతుందా అన్నది ఆ పెన్ డ్రైవ్ మీదే ఉంటుంది.